నౌపడ ఉప్పు, జుబైల్ నీళ్ళు

మా ఆయన దండాసి పని
సముద్రంలోంచి ఉప్పు తీసెయ్యడం.
మా అమ్మ పనీ అదే.
అమ్మ నీళ్ళు ఎండబెట్టి ఉప్పు ఉంచుకుంటుంది,
ఈయన ఉప్పు వదిలేసి నీళ్ళు ఉంచుకుంటాడు.
ఇద్దరి మధ్యా నేను,
ఆరో నెల కడుపుతో
జుబైల్‌లో మూడో అంతస్తు కిటికీ దగ్గర.

కొళాయి తిప్పితే ఆయన పంపిన నీళ్ళే.
రుచి లేదు, వాసన లేదు.
వచ్చిన కొత్తలో గుక్కగుక్కకీ
ఏదో మర్చిపోయినట్టుండేది.

ఆ మంగళవారం ఆస్పత్రిలో
సూడాన్ డాక్టరమ్మ ఇహ్సాన్
తెల్ల మూతల కప్పులు పంచింది.
ఒక్కదాని కప్పు చూసి ఏమీ చెప్పలేను,
అందరివీ కలిపితే తెలుస్తుంది, అంది,
ఈ ఊరి కడుపులకి అయోడిన్ ఎంత అందుతోందో.

ట్రే మీద వరసగా పెట్టాం.
ఈజిప్టు సామియా, సిల్హెట్ నుంచొచ్చిన రుక్సానా,
మాట్లాడని ఓ సౌదీ పిల్ల,
నేను.
పేర్లు తీసేసి నంబర్లు అంటించాక
ఎవరిది ఏదో మాకే తెలియలేదు.
అన్నీ ఒకటే పసుపు, కొంచెం అటూ ఇటూ.
ఏ పేరంటంలోనూ ఎవరికీ
అంత దగ్గరగా కూర్చోలేదు నేను.

"ఇంట్లో ఏ ఉప్పు?"
నవ్వొచ్చింది. ఉప్పు గురించి నన్నా అడగడం!
మా అమ్మ చేతి కల్లుప్పు, ఐదు కిలోలు.
విమానం దగ్గర తూకం ఎక్కువైతే
రెండు చీరలు తీసేశాను గానీ
ఉప్పు తియ్యలేదు.

ఆమె పెన్ను ఆగింది.
సముద్రానిదే అయినా
అందులో అది ఉండీ లేనట్టేనంది.
కలిపితేనే ఉంటుందట, ప్యాకెట్ ఉప్పులో.

తిరిగొచ్చే బస్సులో
అమ్మమ్మ మెడ గుర్తొచ్చింది.
నాను కింద, కోడిగుడ్డంత.
దాన్ని మేం జబ్బు అనుకోలేదెప్పుడూ.
"మింగవే అమ్మమ్మా" అంటే గుటక వేసేది,
గుడ్డు ఎక్కి దిగేది,
మేం పకపకా నవ్వేవాళ్ళం.
నలభై ఏళ్ళు ఉప్పు మళ్ళో నిలబడ్డ మనిషి.
దేనికైనా జనం మొహం వాచిపోతారు.
ఆవిడకి మెడ వాచింది,
చిటికెలో వందో వంతు లేక.

ఫోన్‌లో చెబితే అమ్మకి కోపం.
"ఏటే, ఉప్పు మళ్ళో పుట్టినదానివి,
కొట్లో ఉప్పు కొనుక్కు తింతావా?
నీ కడుపులో గుంటకి నా సేతి ఉప్పు పనికిరాదా?"
నేనేం అనలేదు.
ఆ కోపంలో న్యాయం కూడా ఉంది.

దండాసి ఆ రాత్రే నీలం ప్యాకెట్ తెచ్చాడు,
డాక్టరమ్మ రాసిన మాత్రలూ.
చొక్కా వీపు మీద చెమట ఎండిన తెల్లటి చార.
"రోజూ ఎంత ఉప్పునీరు వెనక్కి పోస్తామో తెలుసా?
అందులోంచి నీకు కావలసింది
ఆవగింజంత కూడా తేలేను."
కూర దించాకే వేశాను.
మూత గట్టిగా బిగించాను.

పిల్ల పుట్టిన మూడోనాడు
మడమలో సూది గుచ్చి
అట్ట మీద నెత్తుటి బొట్లు అద్దారు,
కుంకం అద్దినట్టు గుండ్రంగా.
తేడా ఉంటే ఫోన్ చేస్తాం, లేకపోతే చెయ్యం, అన్నారు.
రెండు వారాలు
ఫోన్ మోగినప్పుడల్లా నా పాలు ఆగిపోయేవి.
ఆ నంబరు నుంచి మోగలేదు.
పదిహేనో రోజున పేరు పెట్టుకున్నాం.

ఇప్పుడు గట్టు మీద రెండు డబ్బాలు.
మెత్తనుప్పు నా కంచంలోకి,
నాలోంచి దాని నోట్లోకి.
అమ్మ కల్లుప్పు దిష్టికి.
పొద్దు వాలాక గుప్పెడు తిప్పి
దండాసి నీళ్ళల్లో వేస్తాను.
గిన్నెడు సముద్రం అయ్యేదాకా
చూస్తూ నిలబడతాను.

నిన్న అమ్మే ఫోన్ చేసింది.
"గుంట గొంతు ఎలాగుందే?"
ఏడుపు సంగతి అడుగుతోందని తెలుసు.
అయినా ముందు
దాని మెడ తడిమాను.
తర్వాత ఫోన్ దగ్గరగా పెట్టాను.
పాల వేళ అది.